పీవో ఉద్యోగం కావాలని రోజూ రాసుకుంటుంటే ఆడిటర్ ఆఫీసు నుంచి పిలుపొచ్చింది, ఇది నేను కోరుకున్నదేనా?

అమ్మా, నువ్వు రాసిందంతా చదివాను. నాకు అర్థమైంది ముందు నాలుగు మాటల్లో పెడతాను, తప్పుంటే చెప్పు. ఊరు కావలి పక్కన, బీకాం చదివావు, వయసు ఇరవై ఆరు. నాలుగేళ్లుగా బ్యాంకు పీవో, అంటే ప్రొబేషనరీ ఆఫీసర్ పరీక్షలు రాస్తున్నావు, ఒకసారి రెండో దశ మెయిన్స్ దాకా వెళ్లి ఆగిపోయావు. ఏడాది నుంచి నోట్‌బుక్‌లో పొద్దున మూడుసార్లు, మధ్యాహ్నం ఆరుసార్లు, రాత్రి తొమ్మిదిసార్లు "నేను బ్యాంకు ఆఫీసర్ని" అని రాస్తున్నావు, గోడకి బ్యాంకు బ్రాంచి ఫొటో కూడా అంటించుకున్నావు. కోరుకున్నది వచ్చేసినట్టే రాసుకుంటే వస్తుందని చెప్పే మేనిఫెస్టేషన్ పద్ధతి ఇది. ఇంతలో మీ మామయ్య రొయ్యల మేత షాపుకి జీఎస్టీ లెక్కలు చేసిపెడుతుంటే, ఆ పని చూసిన నెల్లూరు ఆడిటర్ ఒకాయన తన ఆఫీసులో చేరమన్నాడు. ఇది నీ కోరిక వేరే రూపంలో రావడమా, లేక నిన్ను గోల్ నుంచి పక్కకి లాగడమా అని అడిగావు. మీ ఫ్రెండ్ ఏమో "యూనివర్స్ నిన్ను టెస్ట్ చేస్తోంది, ఒప్పుకోకు" అంటోంది, మీ అన్నయ్య "ఈ మేనిఫెస్టేషన్ అంతా ఉత్తదే, ముందు పుస్తకం చించెయ్" అంటున్నాడు.

నా అభిప్రాయం సూటిగా చెప్తాను. ఇది నువ్వు కోరుకున్నదే అయ్యే అవకాశం చాలా ఉంది. కానీ దాన్ని తెచ్చింది నోట్‌బుక్‌లో రాసిన వాక్యం కాదమ్మా, మామయ్య షాపులో నువ్వు తప్పుల్లేకుండా చేసిన లెక్కలు. ఈ తేడా ఎందుకు ముఖ్యమో కింద రాస్తాను, కొంచెం పొడుగవుతుంది, ఓపిగ్గా చదువు.

నేను ఉమ్మడి నెల్లూరు, ప్రకాశం జిల్లాల బ్రాంచీల్లో పనిచేసి మేనేజరుగా రిటైరయ్యాను. లోన్ల టేబుల్ దగ్గర కూర్చునేవాళ్లకి జనం కోరికలు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియవని నా నమ్మకం. అప్లికేషన్‌లో "రుణ ప్రయోజనం" అని ఒక గడి ఉంటుంది. అందులో ట్రాక్టరు అనో, పాడి గేదెలు అనో, బోరు అనో రాస్తారు. మనిషిని కూర్చోబెట్టి కాసేపు మాట్లాడితే అసలు సంగతి బయటికొస్తుంది, కొడుకుని హాస్టల్లో వేయాలి, అన్నదమ్ముల ముందు తలెత్తుకు తిరగాలి, అత్తగారింటి నుంచి వేరుపడి ఒక గది కట్టుకోవాలి. గడిలో రాసింది ఆ మనిషికి తోచిన దారి మాత్రమే, కోరిక దాని వెనక ఉంటుంది. ఇన్నేళ్లలో నేను చూసినంతవరకు గడిలో రాసినది రాసినట్టుగా నెరవేరడం తక్కువ, వెనకున్నది నెరవేరడం మాత్రం మనం అనుకునేదానికంటే ఎక్కువ. అది కూడా ఎక్కడెక్కడి నుంచో వచ్చి నెరవేరుతుంది.

ఒకాయన సంగతి చెప్తాను, పేరు వద్దు. అల్లూరు వైపు మనిషి. తొంభైల్లో ఆ తీరమంతా టైగర్ రొయ్య, వరి పండే చేలు కూడా రొయ్యల గుంటలైపోయాయి. ఈయనా వేశాడు, రెండు పంటలు బాగా వచ్చాయి, నెల్లూరులో ఇల్లు కట్టాలి, ఇద్దరు పిల్లల్నీ మంచి చదువులు చదివించాలి, ఇదీ ఆయన లెక్క. 1994-95 ప్రాంతంలో తెల్లమచ్చ వైరస్ వచ్చింది. చూస్తుండగానే రొయ్యలు గట్ల వెంబడి తేలిపోయేవి, నిన్న బాగున్న గుంట ఇవాళ ఖాళీ. ఈయనది మొత్తం పోయింది. మళ్లీ రొయ్య పిల్లల్ని వేస్తాను, ఇంకో లోను ఇమ్మని చాలాకాలం బ్రాంచి చుట్టూ తిరిగాడు. పాత బాకీ ఉండగా కొత్తది ఇచ్చే వీల్లేదు. మనిషి బాగా కుంగిపోయాడు.

కానీ ఆయన దగ్గర ఒక విద్య ఉండేది. నీళ్ల రంగు చూసి, గుంటలో దించిన మేత పళ్లెం (చెక్‌ట్రే) ఎత్తి మిగిలిన మేత చూసి గుంట పరిస్థితి చెప్పగలిగేవాడు, చుట్టుపక్కల రైతులు ఏమైనా తేడా అనిపిస్తే ముందు ఆయన్నే పిలిచేవాళ్లు. అది చూసి ఒక మేత డీలరు తన షాపులో కూర్చోమన్నాడు, వచ్చిన రైతుకి నీళ్లు టెస్ట్ చేసి చెప్పడం, నెల జీతం. గుంటలున్న ఆసామి ఇంకొకరి కొట్లో జీతానికి కూర్చోవడమంటే ఎంత కష్టమో ఆలోచించు. ఇంట్లో గొడవ కూడా అయింది. చివరికి కూర్చున్నాడు. పీహెచ్, ఉప్పు శాతం, అమ్మోనియా, ఇవన్నీ అక్కడే పద్ధతిగా నేర్చుకున్నాడు, కొన్నాళ్లకి తనే చిన్న ల్యాబు పెట్టుకున్నాడు. 2009లో మన దేశంలో వనామీ అనే కొత్త రకం రొయ్యకి అనుమతి వచ్చాక సాగు మళ్లీ ఊపందుకుంది, పొద్దున్నే సీసాల్లో నీళ్లు పట్టుకుని రైతులు ఆయన ల్యాబు ముందు నిలబడేవాళ్లు. నెల్లూరులో ఇల్లు కట్టాడు, పిల్లలు చదువుకున్నారు. ఆయన కోరిన రెండూ వచ్చాయి, ఆయన కోరిన గుంట ద్వారా మాత్రం రాలేదు. డీలరు పిలిచినప్పుడు "నా గోల్ ఇది కాదు" అనుకుని ఉంటే ఏమయ్యేదో నాకు తెలియదు కానీ, గుంట పోయినా గుంట గురించి తెలిసిన తెలివి పోలేదని ఆ డీలరు గుర్తించడమే మలుపు అయింది.

ఇలాంటివి చూసి "అదృష్టం" అంటారు, "యూనివర్స్" అంటారు. నేను దేవుణ్ణి నమ్మే మనిషినే, నీ నమ్మకాన్ని తక్కువ చేయను. కానీ ఇందులో మనకి కనిపించే కారణాలు కూడా ఉన్నాయి, అవి తెలిస్తే మనం చేతనైనంత చేసుకోవచ్చు.

మొదటిది, అవకాశాలు ఎవరి ద్వారా వస్తాయన్నది. అమెరికాలో మార్క్ గ్రనోవెటర్ అనే సమాజశాస్త్రవేత్త 1970 ప్రాంతంలో బోస్టన్ దగ్గర ఉద్యోగం మారినవాళ్లని అడిగి చూశాడు. తెలిసినవాళ్ల ద్వారా ఉద్యోగం దొరికినవాళ్లలో, ఆ మాట చెప్పిన మనిషిని తరచూ కలిసేవాళ్లు నూటికి 17 మందే. మిగతా అందరికీ ఎప్పుడో ఒకప్పుడు కలిసేవాళ్లు, దాదాపు మర్చిపోయినవాళ్లు చెప్పారు. ఆలోచిస్తే సబబే కదా. మన ఇంట్లోవాళ్లకి, మన ఫ్రెండ్స్‌కి తెలిసినవి మనకీ తెలుసు. కొత్త కబురు తెచ్చేది పక్క లోకం మనిషి. నిన్ను పిలిచిన ఆడిటర్ మీ బంధువు కాదు, మీ కోచింగ్ సెంటర్ మనిషీ కాదు, మామయ్య షాపు ఫైళ్లలో నీ పని చూసిన మనిషి. అందుకే అది "ఊహించని దారి" అనిపించింది.

రెండోది నీ నోట్‌బుక్ గురించి, ఇది జాగ్రత్తగా చదువు. జర్మనీకి చెందిన గాబ్రియేల్ ఎటింగెన్ అనే సైకాలజిస్టు బరువు తగ్గాలని చేరిన ఆడవాళ్లని ఏడాదిపాటు గమనించి 1991లో ఫలితాలు ప్రచురించింది. తగ్గగలను అని గట్టి నమ్మకం ఉన్నవాళ్లు ఎక్కువే తగ్గారు. కానీ సన్నబడిపోయినట్టు, అందరూ మెచ్చుకుంటున్నట్టు తియ్యటి ఊహల్లో ఉన్నవాళ్లు, అలా ఊహించుకోనివాళ్లకంటే సుమారు 11 కిలోలు తక్కువ తగ్గారు. నమ్మకం మేలు చేసింది, వచ్చేసినట్టు ఊహించుకోవడం చెడు చేసింది. వచ్చేసినట్టు అనుకుంటే మనసు కాస్త తృప్తిపడి ఒళ్లు సడలిపోతుంది. 1999లో అమెరికాలో కాలేజీ పిల్లల మీద ఇంకో ప్రయోగం చేశారు, మంచి మార్కులు వచ్చినట్టు ఊహించుకున్నవాళ్లకంటే, తాము ఎక్కడ కూర్చుని ఎలా చదువుతారో ఊహించుకున్నవాళ్లు ఎక్కువ గంటలు చదివి ఎక్కువ మార్కులు తెచ్చుకున్నారు.

కాబట్టి మీ అన్నయ్య అన్నట్టు పుస్తకం చించక్కర్లేదు. రాసే వాక్యం మార్చు. "నేను బ్యాంకు ఆఫీసర్ని" అని పద్దెనిమిదిసార్లు రాసే బదులు, పొద్దున ఒక్కసారి కూర్చుని ఇవాళ ఏం చేస్తాను, ఏది అడ్డొస్తుంది, అడ్డొస్తే ఏం చేస్తాను అని మూడు ముక్కలు రాసుకో. "సాయంత్రం కరెంటు పోతే రీజనింగ్ లెక్కలు కాగితం మీద చేస్తాను" లాంటివి. చూడ్డానికి చప్పగా ఉంటుంది, నాకు తెలుసు. పని మాత్రం అదే చేస్తుంది.

ఇప్పుడు మన జిల్లాలోనే జరిగిన పెద్ద సంగతి ఒకటి, నీ వయసువాళ్లకి సగమే తెలుసు. 1991లో నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యత ఉద్యమం మొదలైంది. రాత్రి బడులు పెట్టారు, ప్రభుత్వం కోరిక ఒకటే, ఆడవాళ్లు చదవడం రాయడం నేర్చుకోవాలి. దూబగుంట అనే ఊళ్లో ఆడవాళ్లు పగలు కూలికి పోయి రాత్రి లాంతరు కింద అక్షరాలు దిద్దుకున్నారు. వాచకంలో సీతమ్మ అనే ఆవిడ కథ ఒకటి, తాగుబోతు మొగుడితో పడే బాధ, ఊళ్లో సారా వల్ల జరిగే అనర్థం. చదువుతూ చదువుతూ ఇది మన కథే కదా అనుకున్నారు. తాగొచ్చిన మగవాళ్లు బడి దగ్గర గొడవ చేస్తుంటే ఇక ఊరుకోలేదు, ఆ ఊరి రోశమ్మ లాంటివాళ్లు ముందు నిలబడి ఊళ్లోకి సారా రాకుండా అడ్డం కూర్చున్నారు, కొట్టు మూయించారు. ఆ కబురు ఊరూరూ పాకింది, జిల్లాలో సారా వేలంపాటలు జరగనివ్వలేదు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో మొత్తం మద్యనిషేధమే వచ్చింది, తర్వాత రెండేళ్లకి సడలించారు, అది వేరే కథ.

ఆ ఆడవాళ్లకి ఎన్నాళ్లుగానో ఉన్న కోరిక ఇంట్లో తాగుడు పోవాలని, కూలి డబ్బులు పొయ్యి దాకా రావాలని. మొక్కులు మొక్కారు, ఏడ్చారు, పుట్టింటికి వెళ్లారు, తిరిగొచ్చారు. అది తీరే దారి అక్షరాల బడిలో నుంచి వస్తుందని వాళ్లలో ఒక్కరూ అనుకుని ఉండరు, బడి పెట్టిన అధికారులూ అనుకోలేదు. అక్కడితో ఆగలేదు. సారాకి పోయే డబ్బు చేతిలో మిగలడంతో రోజుకో రూపాయి దాచుకునే పొదుపులక్ష్మి సంఘాలు మన జిల్లాలోనే ఊపందుకున్నాయి, వాటి ఖాతాలు మా బ్యాంకులకి వచ్చాయి. అంతకుముందు బ్యాంకు మెట్లెక్కాలంటే భయపడి వాకిలి దగ్గరే నిలబడే ఆడవాళ్లు పాసుబుక్కు పట్టుకుని కౌంటర్ దగ్గరికి వచ్చి, వేలిముద్ర వద్దు సార్, సంతకం చేస్తాం అనడం నా కళ్లతో చూశాను. ఇప్పుడు మీ అమ్మగారు ఏదైనా డ్వాక్రా సంఘంలో ఉండే ఉంటారు, అడిగి చూడు, ఆ సంఘం వెనక ఈ చరిత్ర ఉంది.

నేను ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, దారి ఊహించనిదే అయినా వాళ్లు చేసింది మాత్రం ఊహాతీతమైనదేమీ కాదు. రోజూ సాయంత్రం ఒకచోట కూడారు, కొత్తది నేర్చుకున్నారు, బాధ పైకి చెప్పుకున్నారు. ఎవరికివారు ఇంట్లో కూర్చుని కోరుకున్నంతకాలం రాలేదు.

మన టంగుటూరి ప్రకాశం పంతులుగారిది కూడా చూడు. 1872లో ఒంగోలు దగ్గర వినోదరాయునిపాలెంలో పుట్టారు, చిన్నప్పుడే తండ్రి పోయారు, తల్లి ఒంగోలులో పూటకూళ్ల ఇల్లు నడిపి పిల్లల్ని పెంచింది. ఆయన మనసంతా ప్లీడరు కావాలని. ఫీజుకే డబ్బుల్లేని పిల్లాడికి ఆ చదువు ఎలా వస్తుంది? లెక్కల మాస్టారు హనుమంతరావు నాయుడుగారికి నాటకాలంటే ఇష్టం, ఈ పిల్లాడూ వేషాలు బాగా వేసేవాడు, ఆ అభిమానంతో నాయుడుగారు రాజమండ్రి వెళ్లేటప్పుడు వెంట తీసుకెళ్లారు, అక్కడ పైచదువు సాగింది. నాటకాలు వేసి చెడిపోతున్నాడని ఇంట్లో ఎవరైనా కట్టడి చేసి ఉంటే ఆ తలుపు మూసుకుపోయేది. తర్వాత సెకండ్ గ్రేడ్ ప్లీడరయ్యారు, దాంతో పైకోర్టుల్లో వాదించే వీల్లేదని ఇంగ్లండు వెళ్లి బారిష్టరై వచ్చారు. ఇక్కడ మాత్రం గమనించు, దారి మారింది గానీ గోల్‌ని ఆయన వదల్లేదు, పైగా పెంచుకున్నారు.

సరే, నీ విషయానికి వద్దాం. ఒక పిలుపు వచ్చినప్పుడు అది మన కోరిక తాలూకు వేరే దారా, లేక ఊరికే కాళ్లకి అడ్డం పడేదా అని ఎలా తెలుసుకోవాలి? నేనైతే ముందు ఆ "ప్రయోజనం" గడి వెనక్కి చూస్తాను. నీకు పీవో ఎందుకు కావాలి? నువ్వు రాసిన దాంట్లో నాకు కనిపించినవి: నెలనెలా సొంత జీతం, అమ్మానాన్నలకి దగ్గరగా ఉండటం, అంకెలతో పని ఇష్టం కావడం, బంధువుల్లో మర్యాద. వీటిలో ఆడిటర్ ఆఫీసు ఏవేవి ఇస్తుందో కాగితం మీద పెట్టి చూసుకో. ఒక సంగతి కూడా చెప్పాలి, పీవో అయితే పోస్టింగు కావలిలోనే ఇస్తారని ఏమీ లేదమ్మా, ఎక్కడో వేరే రాష్ట్రంలో వేయొచ్చు, రెండుమూడేళ్లకోసారి బదిలీ ఉంటుంది. అమ్మానాన్నల దగ్గర ఉండటం నీకు మొదటిదైతే, ఆ ఒక్క విషయంలో ఈ కొత్త దారే దగ్గర. మర్యాద విషయంలో మొదట్లో తేడా ఉంటుంది, దాన్ని కాదనను. జీతం కూడా మొదట్లో తక్కువే ఉంటుంది.

తర్వాత చూడాల్సింది, ఈ పిలుపు నువ్వు చేసిన పనికి వచ్చిందా, నీ భయానికి వచ్చిందా అని. "ఇంక ఏదీ రాదేమో, దొరికింది పట్టుకుందాం" అని చేరేది భయం. నీకొచ్చింది అలాంటిది కాదు, నీ పని చూసి వచ్చింది. ఇంకోటి, రేపు ఇది వదిలేసినా చేతిలో విద్య మిగులుతుందా? మిగులుతుంది. బీకాం ఉంది కాబట్టి వ్యాపారుల తరఫున జీఎస్టీ రిటర్నులు వేసే జీఎస్టీ ప్రాక్టీషనర్‌గా నమోదు చేసుకునే వీలుంది. డిగ్రీలో 55 శాతం వచ్చి ఉంటే సీఏ మొదటి పరీక్ష ఫౌండేషన్ రాయకుండానే నేరుగా ఇంటర్మీడియెట్‌కి రిజిస్టర్ కావచ్చు. రేపు బ్యాంకులోకే వచ్చావనుకో, ఒక షాపు రిటర్నులు, బ్యాలెన్స్ షీట్ చూసి వ్యాపారం ఎలా ఉందో చెప్పగలిగిన ఆఫీసరు దొరికితే ఏ మేనేజరైనా కళ్లకద్దుకుంటాడు, అది నేను అనుభవంతో చెప్తున్నాను. ఇక, ఉద్యోగం ఇస్తాం, ముందు డిపాజిట్ కట్టు అనేవాళ్ల మాట అసలు వినొద్దు. మేనిఫెస్టేషన్ నేర్పిస్తామని వేలకు వేలు ఫీజు అడిగేవాళ్లదీ అంతే, నీ కోరికని నీకే అమ్ముతున్నారు.

ఎంత చేసినా కొన్ని కోరికలు ఏ రూపంలోనూ రావు. ఒంట్లో బాగోలేకపోవడం, ఇంటి బరువు, వానల్లేక పోయిన పంట, వీటి ముందు గట్టిగా కోరుకోలేదన్న మాట చాలా అన్యాయం. రాలేదంటే నీ ఆలోచన సరిగ్గా లేదు అని ఎవరైనా అంటే నమ్మకు. కొండెపి వైపు పొగాకు రైతులు ధర లేక పంట దాచుకున్న ఏళ్లలో వాళ్లకంటే గట్టిగా కోరుకున్నవాళ్లని నేనెక్కడా చూడలేదు.

పీవో పరీక్ష మానమని నేను చెప్పట్లేదు. బ్యాంకు ఉద్యోగాల పరీక్షలు పెట్టే ఐబీపీఎస్‌కి పీవో పై వయసు 30, బీసీలకి మూడేళ్లు, ఎస్సీ ఎస్టీలకి ఐదేళ్లు సడలింపు ఉంది, కాబట్టి నీకు టైముంది. కానీ రోజంతా ఇంట్లో కూర్చుని చదవడం నాలుగేళ్లు చేశావు, అది ఇచ్చేది ఇచ్చింది. ఉద్యోగం చేస్తూ పొద్దున రెండు గంటలు పద్ధతిగా చదివేవాళ్లకి టెన్షన్ తక్కువ ఉంటుంది, ఈ ఒక్క పరీక్ష మీదే బతుకంతా ఆధారపడలేదని తెలుసు కాబట్టి హాల్లో చేయి వణకదు. ఇంకెన్నిసార్లు రాస్తావో ఇప్పుడే నిర్ణయించుకుని ఇంట్లో చెప్పెయ్.

ఆడిటర్‌గారి దగ్గరికి వెళ్లేటప్పుడు ఇవి అడుగు. ఎంట్రీలు కొట్టే పనేనా, లేక రిటర్నులు, నోటీసులకి జవాబులు, క్లయింట్లతో మాట్లాడటం కూడా నేర్పిస్తారా. పరీక్ష రోజులకి సెలవు ఇస్తారా. జులైలో, సెప్టెంబరులో ఇన్‌కంటాక్స్ పని ఎక్కువుంటుంది, అప్పుడు రాత్రి ఎన్నింటిదాకా ఉండాలి, ఎందుకంటే నువ్వు కావలి నుంచి రోజూ రైల్లోనో బస్సులోనో వచ్చి పోవాలి. ఒరిజినల్ సర్టిఫికెట్లు అడిగితే ఇవ్వొద్దు, జిరాక్సులు చాలు. నెలలో 11న ఒక జీఎస్టీ రిటర్ను, 20న ఇంకొకటి ఉంటాయని నీకు తెలుసు కదా, ఆ తేదీల ముందు వెళ్తే ఆయనకి మాట్లాడే తీరిక ఉండదు, 20 దాటాక వెళ్లు. మామయ్యని తోడు తీసుకెళ్లు, కానీ జీతం సంగతి నువ్వే మాట్లాడు. ఆయన ఏమన్నాడో ఇక్కడే రాయి, ఆ షరతులు చూసి చేరొచ్చో లేదో నాకు తోచింది చెప్తాను.